రిగ్గై ఇంట్లో సారా వీధి

సారా ఎట్లాంటిదో నాకు ఎవరూ బొమ్మ గీసి చూపించాల్సిన పనిలేదు. రాయచోటి పక్కన మా ఊళ్ళో సారా అంగడి మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. ఏటా సర్కారువాళ్ళు వచ్చి సారా పాట పెట్టేవాళ్ళు. పాట ఎవరు గెలిచినా మా ఆయనకు తేడా ఏమీ ఉండేది కాదు, ఆయన కూర్చునే చోటు మారేది కాదు. మా పాప అరుగు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న పొద్దు కూడా ఆయన అక్కడే ఉన్నాడు. నేను చేలో కలుపు తీస్తున్నాను. బిడ్డను వదిలిపెట్టి ఎక్కడికి పోయావని ఊరంతా నన్నే అడిగింది. ఆయనా అదే అడిగాడు, గోడ పట్టుకుని తూలుతూ. ఆ ఏడాదే పాపను మా అక్క దగ్గర వదిలి కువైట్ విమానం ఎక్కాను.

అందుకే కువైట్‌లో రిగ్గై అనే పేటలో, నేను పనిచేసిన ఇంగ్లండు సారు ఇంట్లో సారా బొమ్మ చూసిన మొదటిరోజే నాకు ఒళ్ళు మండింది.

హాలు నుంచి వంటింటికి పోయే నడవాలో, చెక్క ఫ్రేముల్లో రెండు బొమ్మలు పక్కపక్కన వేలాడేవి. రంగుల్లేవు, అంతా నల్లటి సన్న గీతలే. ఒక బొమ్మలో వీధి నిండా బాగా తిన్న మనుషులు చేతుల్లో పెద్ద పెద్ద చెంబులు పట్టుకుని నవ్వుతున్నారు. రెండో బొమ్మలో కూడా వీధే. కానీ ఇళ్ళు కూలుతున్నాయి, మనుషులు ఎముకలగూళ్ళు. మధ్యలో మెట్ల మీద ఒక తల్లి, రొమ్ము బయటపడినా తెలియకుండా కూర్చుంది. ఆమె ఒళ్ళోనుంచి బిడ్డ తలకిందులుగా కిందికి పడిపోతున్నాడు. ఆమె పట్టించుకోవడం లేదు, మత్తులో ఏదో నవ్వు నవ్వుతోంది.

నేను సారు ఇంట్లో చేరింది కువైట్ వచ్చిన మూడో ఏట. అంతకుముందు రెండేళ్ళు నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్ ఇంట్లోనే వండి, ఉతికి, మామా అని పిలిపించుకునే ఆ ఇంటి యజమానురాలి చేత తిట్లు తిన్నాను. తరవాత కఫీల్ నన్ను బయట పనికి పంపాడు. ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఆయన పేరు మీద, చాకిరీ ఇంగ్లీషువాళ్ళ దగ్గర. సారు ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే కర్మాగారంలో ఇంజనీరు. నా ఇంగ్లీషు, ఆయన ఉర్దూ కలిస్తే ఒక భాష అయ్యేది. దాంట్లోనే ఆ బొమ్మల సంగతి చెప్పాడు.

రెండు వందల ఏళ్ళ కింద వాళ్ళ దేశంలో పేదోళ్ళకు ఒకరకం ఘాటు సారా నీళ్ళకన్నా సులువుగా దొరికేదట. పట్నాలకు పట్నాలే చెడిపోయాయట. జనం చూసి నవ్వాలి, నవ్వి సిగ్గు తెచ్చుకోవాలి అని ఒకాయన ఈ బొమ్మలు గీసి అచ్చేయించాడట. మొదటి బొమ్మలోవాళ్ళు తాగేది బీరు, అది ఒంటికి మంచిది. రెండో బొమ్మలోది సారా, అది సర్వనాశనం. ఇదీ ఆయన చెప్పిన తాత్పర్యం.

"సారూ, మొదటి బొమ్మలోవాళ్ళకు పని ఉంది, తిండి ఉంది. వాళ్ళు నీళ్ళు తాగినా లావుగానే ఉంటారు కదా," అన్నాను.

సారు పగలబడి నవ్వాడు. "ఇంకా?"

"బిడ్డను పడేసేది తల్లేనా? ఆ తండ్రి ఏడి? ఈ బొమ్మలో ఎక్కడా కనబడడే."

సారు బొమ్మ మీదికి ఒంగి వెతికాడు. ఆ గీసినాయన మీద నాకు ఆ రోజు పట్టుకున్న కోపం ఇప్పటికీ పోలేదు. రోజూ పొద్దున అద్దం తుడిచేటప్పుడు ఆ తల్లి మొహం ఒకసారి గట్టిగా తుడిచేదాన్ని. కొన్నాళ్ళకు అది ఇంగ్లండు అన్న సంగతే మరిచిపోయాను. ఆ కూలుతున్న ఇల్లు మా సారా అంగడి వెనకిల్లు. ఆ ఎముకలగూడు మనిషి మా పెదమామ. నాకది మా ఊరే.

కువైట్‌లో తాగుడు నిషేధం. అయినా సారు తాగేవాడు. సూపర్ మార్కెట్‌లో ద్రాక్షరసం సీసాలు కార్టన్ల లెక్కన కొనుక్కొచ్చి, చక్కెరా ఈస్టూ కలిపి, స్టోర్ రూములో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పులియబెట్టేవాడు. సీసాలు కడగడం నా పని. వాసన బయటికి పోకుండా తలుపు కింద సందులో పాత గుడ్డలు కుక్కడమూ నా పనే. దజీజ్ గోడౌన్లలో మనవాళ్ళు ఖర్జూరంతో కాచేదాన్ని ఆయన సారా అనేవాడు, తనది మాత్రం వైను. తనుండేది మొదటి బొమ్మ వీధిలోనని ఆయన నమ్మకం.

మేడమ్ మాత్రం అట్లా నమ్మలేదు. తొంభైలో, జూలై నెలలో పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు పోతూ, పెట్టెలు కారులో పెట్టాక మళ్ళీ లోపలికొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆయన్ని చూసుకో. తాగనివ్వకు. మరీ ఎక్కువ తాగనివ్వకు," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. మొగుడు తాగే ఆడదాని కళ్ళు ఏ దేశంలోనైనా నేను గుర్తుపడతాను. సరే మేడమ్ అని మాటిచ్చాను.

ఆగస్టులో రెండో రోజు తెల్లవారేసరికి కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఉరుమనుకున్నాను. ఆగస్టులో కువైట్‌లో ఉరుమేంటని తట్టేలోపలే రోడ్డు మీద పక్కదేశం ట్యాంకులు పోతున్నాయి. సారు లుంగీలాంటి తువ్వాలు చుట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నానికి దజీజ్ నుంచి మా తమ్ముడు నడుచుకుంటూ వచ్చాడు. వాడు అక్కడ గోడౌనులో మూటలు మోసేవాడు. గోడౌను తలుపులు పగలగొట్టి సైనికులు లారీలకు ఎత్తుకుంటున్నారని చెప్పాడు.

కొద్దిరోజులకు రేడియోలో ప్రకటన వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు, అమెరికావాళ్ళు ఫలానా హోటళ్ళకు వచ్చి లొంగిపోవాలి. ఇంకొన్నాళ్ళకు ఇంకోటి. వాళ్ళను ఇళ్ళలో దాచిపెట్టినవాళ్ళకు ఉరి. పట్టుకున్నవాళ్ళను ఫ్యాక్టరీల్లో, ఆనకట్టల దగ్గర పెడుతున్నారని, బాంబులు పడితే ముందు వాళ్ళమీద పడాలని అట్లా చేస్తున్నారని జనం చెప్పుకున్నారు. సారు లొంగిపోను అన్నాడు. నేను మేడమ్‌కు ఇచ్చిన మాట మింగలేకపోయాను.

వంటింటి వెనక పనిమనిషికని కట్టిన చిన్న గది నాది. దాంట్లోనే ఒక మూల బాత్రూము. సారును అందులో పెట్టి, తలుపుకు అడ్డంగా పెద్ద ఫ్రిజ్ జరిపాము, నేనూ తమ్ముడూ. ఫ్రిజ్ వెనక తలుపుందని తెలియనివాళ్ళకు అది గోడే. అన్నం పెట్టేటప్పుడు జరిపేవాళ్ళం, మళ్ళీ మూసేవాళ్ళం. ఇంగ్లీషువాడు ఈ ఇంట్లో ఉన్నాడన్న గుర్తు ఏదీ మిగలకూడదని మిద్దె మీద ఇనపడ్రమ్ములో అన్నీ కాల్చాము. చొక్కాలు, పుస్తకాలు, ఫోటోలు, చివరికి ఆయన టోపీలు. సారుకు తమ్ముడి లుంగీ, బనీను ఇచ్చాము.

"అక్కా, ఇంగేమన్నా మిగిలిందేమో చూడు," అన్నాడు తమ్ముడు.

నేను ఇల్లంతా రెండుసార్లు తిరిగి చూశాను. "ఏం లేదురా. అంతా అయిపాయ," అన్నాను.

మిగిలిన భయం సారు గొంతు. గదిలో ఆయనకు పని లేదు, పగలేదో రాత్రేదో తెలియదు. ఉన్నది సీసాలే. నాలుగో రోజుకే మధ్యాహ్నం పాటలు మొదలుపెట్టాడు. వీధి చివర ఇసకమూటలు పేర్చి సైనికులు కాపలా పెట్టారు. మా వంటింటి కిటికీలోంచి వాళ్ళ హెల్మెట్లు కనిపించేవి. తమ్ముడు ఫ్రిజ్ జరిపి లోపలికి పోయి సారు నోరు చేత్తో మూశాడు. బయటికి వచ్చి ఫ్రిజ్ మళ్ళీ అడ్డం జరిపాడు.

"అక్కా, నీకు దండం పెడతా. ఈడ ఉండొద్దు. బస్రా మీద నుంచి జోర్డాన్ దాంకా బస్సులు పోతాండాయంట, ఆడ నుంచి మన విమానాలు. నీకూ సీటు చెప్పినా. వీడు తాగుబోతు. తాగుబోతును నమ్ముకోని మనం ఉరెక్కల్నా?"

"నువ్వు పో నాయనా. నేను మేడమ్‌కు మాటిచ్చినా," అన్నాను.

"ఆయమ్మ ఆడ సల్లంగ ఉండాది. నీ బిడ్డ ఊర్లో ఎదురు చూస్తాంది."

వాడన్నది నిజం. నిజం కాబట్టే నాకు కోపం వచ్చింది. వాడు పోయిన రోజు వాడి ముందు ఏడవలేదు. బస్సు పోయాక ఇంటికొచ్చి బియ్యం ఏరుతూ ఏడ్చాను.

తమ్ముడు పోయాక స్టోర్ రూముకు తాళం వేశాను. పొద్దునొక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, అంతే. సారు బతిమాలాడు, తిట్టాడు, ఆ తరవాత ఊరుకున్నాడు. పాటలు ఆగాయి. ఇక ఫర్వాలేదనుకున్నాను.

తనిఖీకి వచ్చింది ఒక ఆఫీసరు, ఇద్దరు సైనికులు. ఎండ ఇంకా తగ్గలేదు. నేనే తలుపు తీశాను. ముందే నేర్చుకున్న మాటలు అరబ్బీలో చెప్పాను. యజమాని సెలవులకు పోయాడు, మేడమ్ పోయింది, నేనొక్కదాన్నే. "ఇంగ్లీజీ మాఫీ," ఇంగ్లీషువాడు లేడు అన్నాను. సైనికులు మంచాల కింద, బీరువాల్లో చూశారు. వంటింట్లో ఫ్రిజ్ తెరిచి పెరుగు డబ్బా తీసుకున్నారు. ఫ్రిజ్ మూశారు. నా ఊపిరి అప్పుడు ఆడింది.

ఆఫీసరు నడవాలో ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మల ముందు నిలబడ్డాడు.  ఇల్లంతా రెండుసార్లు తిరిగాను, రెండుసార్లూ ఆ నడవాలోంచే తిరిగాను. చూపు వాటి మీద పడింది కూడా. అవి ఇంగ్లీషు బొమ్మలని నాకు తట్టనే లేదు. మా ఊరి బొమ్మ కాలుస్తానా?

"ఇది ఎవరిది?" ఇంగ్లీషులోనే అడిగాడు.

"నాది," అన్నాను. ఎట్లా వచ్చిందో ఆ మాట.

ఆయన నవ్వాడు. నువ్వు ఇండియా, ఇది లండన్, నీదెట్లా అయింది అన్నాడు. ఆయన అక్కడ మూడేళ్ళు చదువుకున్నాడట. నేను వేలు పెట్టి చూపించాను. ఇది మా ఊరి సారా అంగడి, ఇది మా పెదమామ, ఈమె నేను, ఈ పడిపోయే బిడ్డ నా కూతురు. ఇందులో నా మొగుడు లేడు, ఎందుకంటే వాడు అంగడి లోపల తాగుతున్నాడు అన్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ నిజంగానే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుపు ఆ పూట నాకు అక్కరకొచ్చింది.

ఆయన నా మాట నమ్మాడో లేదో నాకు తెలియదు. సైనికుల్ని కిందికి పంపి, ముక్కు ఎగబీల్చి, "ఈ ఇంట్లో తాగుడుంది," అన్నాడు. "తీసుకురా."

ఒక సీసా తెచ్చాను. హాల్లో నడవాకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, బొమ్మల్ని చూస్తూ మొత్తం తాగాడు. పోతూ, మళ్ళీ వస్తానన్నాడు.

రోజు మార్చి రోజు వచ్చేవాడు, సాయంత్రం నాలుగింటికి, ఆఫీసు పని ముగించుకుని ఇంటికి వచ్చే మనిషిలాగ. టోపీ బల్ల మీద పెట్టేవాడు. తాగి గొడవ చేసేవాడు కాదు, నామీద చెయ్యి వేసినవాడూ కాదు. అదే నాకు ఇంకా భయం. కోపం వచ్చే మనిషినైతే ఎప్పుడు తప్పుకోవాలో తెలుస్తుంది. ఈయన నవ్వుతూ కూర్చునేవాడు, పది అడుగుల దూరంలో ఫ్రిజ్ వెనక సారు ఊపిరి బిగబట్టుకుని ఉండేవాడు, మధ్యలో నేను సీసా వంచేదాన్ని. సారా పోసేవాళ్ళ చేతులు విరగాలని చిన్నప్పటినుంచి శాపం పెట్టినదాన్ని. ఇప్పుడు పోసేది నా చెయ్యే.

డ్రమ్ములు తరిగిపోయాయి. కొత్తది పులియబెట్టడానికి ద్రాక్షరసం ఎక్కడుంది, అంగళ్ళన్నీ లూటీ అయ్యాయి. ఆఫీసరుకు సీసా లేదంటే ఇల్లు మళ్ళీ వెతుకుతాడు. కాబట్టి సారు గ్లాసుల్లో కోత పెట్టాను. రెండు ఒకటయింది, ఒకటి సగమయింది, ఆ తరవాత మానేశాను. మంచిదే అనుకున్నాను కూడా. మా ఊళ్ళో తాగుబోతును నాలుగు రోజులు గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. అయిదో రోజు మజ్జిగన్నం తిని మనిషవుతాడు. సారును కూడా మనిషిని చేసి మేడమ్‌కు అప్పజెబుతానని నాకు ఒక గర్వం.

రెండో రోజు సారు చేతులు వణికాయి. మూడో రోజు గోడ మీద చీమలు పోతున్నాయన్నాడు. ఒక్క చీమ లేదు. నాలుగో రోజు అన్నం ముట్టలేదు, చెమట కారుతూ, ఎవరో పిల్లలు పిలుస్తున్నారన్నాడు. "రేపు ఇస్తా సారూ, ఈ ఒక్కరోజు ఓర్చుకో," అని ఫ్రిజ్ జరిపి మూశాను.  సాయంత్రం నాలుగింటికి తలుపు తట్టిన చప్పుడు.

ఆ రోజు తెచ్చింది చివరి సీసా. ఆఫీసరు గ్లాసు ముందుకు జరిపాడు. నేను వంచాను. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గ్లాసులో పడుతున్న చప్పుడు నాకే పెద్దగా వినిపించింది.

అప్పుడు వంటింట్లో ఫ్రిజ్ కదిలింది. గచ్చు మీద దాని కాళ్ళు గీసుకుంటున్న చప్పుడు. ఒకసారి. ఆగింది. మళ్ళీ.

ఆఫీసరు చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీదికి పోయింది. నేను సీసా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నడవాలోంచి సారు వచ్చాడు. తమ్ముడి లుంగీ, పెరిగిన గడ్డం, కాళ్ళకు చెప్పుల్లేవు. ఆయన ఆఫీసరును చూడలేదు. నన్నూ చూడలేదు. బల్ల మీది గ్లాసును చూశాడు. నేరుగా వచ్చి రెండు చేతులతో దాన్ని ఎత్తి గడగడా తాగేశాడు.

 ఆఫీసరు తుపాకీ మీద నుంచి చెయ్యి తీసి, పక్క కుర్చీ కాలితో బయటికి లాగాడు. "కూర్చోండి," అన్నాడు సారుతో. నాతో, "ఇంకో గ్లాసు," అన్నాడు.

నేను పోశాను. వాళ్ళిద్దరూ లండన్‌లో వాన గురించి మాట్లాడుకున్నారు. ఆఫీసరు చదువుకున్న ఊరు సారుకు తెలుసట, అక్కడి రైలు స్టేషను గురించి ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. సారు చేతుల వణుకు తగ్గింది. మొహంలోకి రంగు వచ్చింది. సీసా త్వరగా అయిపోకూడదని గ్లాసుల్లో కొంచెం కొంచెం పోశాను. కొంచెం పోసినా సీసా అయిపోతుంది.

ఆఫీసరు ఖాళీ సీసా పైకెత్తి వెలుతురులో చూశాడు. "ఖలాస్," అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. "యల్లా, మిస్టర్," పదండి అని గుమ్మం చూపించాడు.

అప్పుడు సారు నావైపు చూశాడు. నిద్రలో నడిచి మేలుకున్న మనిషి చూపు.  నేను ఆయనకు తమ్ముడి చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టాను, అంతకన్నా నాకు ఏమీ తోచలేదు. ఆఫీసరు గోడ మీది రెండో బొమ్మ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వు ఈ ఇంట్లో ఒక్కదానివే ఉన్నావు," అన్నాడు నాతో గుమ్మంలో. "ఈయన నాకు రోడ్డు మీద దొరికాడు. వేరేగా చెబితే నీకూ ఉరి, నాకూ ఉరి."

వారం తిరక్కుండా నేనూ బస్సెక్కాను. ఎడారి, గుడారాలు, విమానం. పాప నన్ను గుర్తుపట్టడానికి రెండు రోజులు పట్టింది.

యుద్ధం అయిపోయాక మళ్ళీ కువైట్ పోయాను, పాత కఫీల్ దగ్గరికే. పోకుండా ఎట్లా, మా ఊళ్ళో సారా అంగడి అట్లాగే ఉంది. ఒకరోజు రిగ్గై నుంచి బిల్డింగు కాపలాదారు కబురు పంపాడు. మేడమ్ వచ్చింది, నిన్ను చూడాలంటోంది. సారు బతికున్నాడని, ఆ చలికాలంలోనే అందరితో పాటు వదిలేశారని కాపలాదారే చెప్పాడు. రోడ్డు మీదే కూలబడి దేవుడికి మొక్కాను.

ఇంట్లో ఏమీ మిగల్లేదు, కర్టెన్లు కూడా ఎత్తుకుపోయారు. ఖాళీ హాల్లో మేడమ్ నిలబడి ఉంది, బాగా చిక్కిపోయింది. నన్ను చూడగానే వచ్చి కావలించుకుంది. నేను ఏడ్చాను, ఆమె ఏడ్చింది. తరవాత నా భుజాలు పట్టుకుని, మెల్లగా, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

"ఆయన నాకంతా చెప్పాడు. నువ్వు భయపడి వాళ్ళకు చూపించేశావని చెప్పాడు. నీమీద ఆయనకు కోపం లేదు. నాకూ లేదు. నేను నిన్ను క్షమించాను. అది చెప్పడానికే వచ్చాను."

నా ఒంట్లో రక్తం అంతా తలకెక్కింది. అన్ని మాటలూ నాలుక చివరికి వచ్చాయి. ఫ్రిజ్, గ్లాసు, చెప్పులు, అన్నీ. చెప్పడానికి నాకు ఇంగ్లీషు కూడా వచ్చు, ఉర్దూ కూడా వచ్చు. ముందు ఒక్కటి అడిగాను.

"మేడమ్, సారు ఇప్పుడు తాగుతున్నాడా?"

ఆమె నా భుజాల మీద నుంచి చేతులు తీసి, కిటికీ వైపు తిరిగింది. "కొంచెం," అంది. "అక్కడ చాలా బాధలు పడ్డాడు కదా. కొంచెమే."

ఆమె మళ్ళీ నావైపు తిరిగినప్పుడు, పెట్టెలు కారులో పెట్టిన రోజు చూసిన ఆ కళ్ళే చూశాను.

"అవును మేడమ్," అన్నాను. "నేను భయపడ్డాను."